మామునూరు విమానాశ్రయం: ప్రారంభోత్సవం తర్వాతి సంగతేమిటి?

సంపాదక మహాశయా,

వరంగల్‌ సమీపంలోని మామునూరు విమానాశ్రయానికి కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. నాటి నుంచి మా ప్రాంతంలో చర్చంతా భూసేకరణ, పరిహారం, పనుల ప్రారంభం చుట్టూనే తిరుగుతోంది. అవి తప్పక మాట్లాడుకోవలసిన విషయాలే. అయితే మొదటి విమానం దిగాక నాలుగో ఏడాదిలోనో అయిదో ఏడాదిలోనో అక్కడి పరిస్థితి ఎలా ఉంటుందని ఎవరూ గట్టిగా అడగడం లేదు. మామునూరు గతం తెలిసినవారికి మాత్రం మొదట తోచే ప్రశ్న అదే.

నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ కాలంలో, 1930లో ఏర్పడిన ఈ విమానాశ్రయం అజంజాహి బట్టల మిల్లు రోజుల్లో వరంగల్‌ వ్యాపారానికి అండగా నిలిచింది. 1981 వరకు ఇక్కడ విమానాల రాకపోకలు సాగాయి. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా రన్‌వే ఉండీ విమానం లేని ఊరుగా మిగిలిపోయాం. పునరుద్ధరణ మాట వచ్చినప్పుడల్లా అడ్డుపడింది శంషాబాద్‌ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందం. ఆ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు మరొకటి రాకూడదన్న ఒకే ఒక్క షరతు ఒక తరం అవకాశాలను ఆపేసింది. శంషాబాద్‌ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్‌ సంస్థ అభ్యంతరం లేదని చెప్పిన తర్వాతే దారి తెరుచుకుంది. విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలో ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు అవసరమని తేల్చి, రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.205 కోట్లు మంజూరు చేసింది.

ఇక్కడి నుంచే నా ఆందోళన మొదలవుతుంది. చిన్న నగరాలకు విమానాలు నడపడానికి 2016లో తెచ్చిన ఉడాన్‌ పథకం కింద విమానయాన సంస్థకు మూడేళ్లపాటు నష్టభర్తీ అందుతుంది. ఆ గడువు ముగిశాక ఏమవుతుందో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్‌ 2023 నివేదిక స్పష్టంగా చెప్పింది. మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. రాయితీ కాలం దాటాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే. రైతుల నుంచి తీసుకున్న సాగుభూమిలో టెర్మినల్‌ కట్టి, మూడేళ్లకే దానికి తాళం వేయవలసి వస్తే ఆ కుటుంబాలకు ఎవరు సమాధానం చెబుతారు?

అందువల్ల ఏ ఊళ్లకు విమానాలు నడపాలన్నది ఇప్పుడే ఆలోచించాలి. హైదరాబాద్‌కు విమానం వేయాలన్న కోరిక వినడానికి బాగానే ఉంటుంది గానీ, కాజీపేటలో రైలెక్కితే రెండు రెండున్నర గంటల్లో సికింద్రాబాద్‌లో దిగేవారు దాన్ని ఎక్కరు. మన అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఢిల్లీ నుంచి రెండుంబావు గంటల్లో శంషాబాద్‌ చేరిన మనిషి, అర్ధరాత్రి సామాను మోసుకుంటూ ఔటర్‌ రింగ్‌ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్‌ వచ్చి, భువనగిరి, జనగామ దాటి హనుమకొండ చేరేసరికి విమానంలో గడిపిన దానికంటే ఎక్కువ సమయం రోడ్డు మీదే గడిచిపోతుంది. ఎన్‌ఐటీకి దేశం నలుమూలల నుంచి వచ్చే విద్యార్థులు, జౌళి పార్కు పనుల మీద వచ్చే వ్యాపారులు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప ఆలయాన్ని చూడవచ్చే యాత్రికులు, అందరిదీ ఇదే అవస్థ. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, తిరుపతిలకు నేరుగా విమానాలుంటేనే మామునూరుకు ప్రయాణికులు దొరుకుతారు. సరకు రవాణా గురించి కూడా వాస్తవం మాట్లాడుకోవాలి. ఏనుమాముల మార్కెట్‌ మిర్చి విమానమెక్కుతుందని కొందరు నాయకులు ఆశ పెడుతున్నారు. బస్తాల లెక్కన అమ్ముడయ్యే ఎండుమిర్చికి లారీ, ఓడ కిరాయి గిట్టుతుంది గానీ విమాన కిరాయి గిట్టదు.

రాష్ట్రం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఉడాన్‌ విమానాశ్రయాల్లో ఇంధనంపై వ్యాట్‌ను పదేళ్లపాటు ఒక శాతానికి మించకుండా ఉంచాలన్నది ఆ పథకంలోని నిబంధనే. మామునూరుకు దాన్ని మొదటి రోజు నుంచే వర్తింపజేయాలి. రాత్రివేళ దిగే ఏర్పాట్లు తర్వాత చూద్దామని వాయిదా వేయకూడదు, ఎందుకంటే పగటిపూట మాత్రమే పనిచేసే చోటికి సంస్థలు తమకు అనువైన వేళల్లో విమానాలు వేయలేవు. వరంగల్‌, కాజీపేట రైల్వేస్టేషన్ల నుంచి విమాన వేళలకు తగ్గట్టు ఆర్టీసీ బస్సులు నడపాలి. భూములిచ్చిన పల్లెల యువతకు భద్రత, గ్రౌండ్‌ సిబ్బంది ఉద్యోగాలకు కావలసిన శిక్షణ నిర్మాణం జరుగుతున్నప్పుడే ఇవ్వాలి, ప్రారంభమయ్యాక ఇస్తామంటే ఆ ఉద్యోగాలు అప్పటికే నిండిపోతాయి.

ఏ మార్గాల్లో, ఏ సంస్థలతో, రాయితీ ముగిశాక ఎవరి ఖర్చుతో విమానాలు నడుపుతారో తెలిపే పదేళ్ల ప్రణాళికను టెర్మినల్‌ పనులు పూర్తయ్యేలోగా ప్రజల ముందు ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, విమానాశ్రయ ప్రాధికార సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ