మా జిల్లా కలెక్టర్ గారికి ఒక బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం సార్,

పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియంకి, అదే నక్షత్రశాలకి వెళ్ళాం. 1985లో ఎన్టీఆర్ గారు ప్రారంభించింది అది, నా చిన్నప్పుడు మా నాన్న కూడా నన్ను అక్కడికే తీసుకెళ్ళారు. సీట్లో వెనక్కి వాలి కూర్చున్నాక లైట్లు మెల్లగా ఆర్పేశారు, తలపైనున్న గుండ్రటి కప్పు మొత్తం ఆకాశం అయిపోయింది, మా చిన్నది ఒక్కసారిగా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, కాసేపయ్యాక అదే చెయ్యి వదిలేసి శనిగ్రహం వలయాన్ని అందుకోవాలని పైకి చాచింది. పుస్తకంలో ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసిందో, ఎప్పుడూ అలా చెయ్యి చాచలేదు సార్.

మా మండలం పిల్లలు అంతదూరం వెళ్ళిరావాలంటే రెండు రోజులు, కూలి పోతుంది, చార్జీలు అవుతాయి. అందుకే అడుగుతున్నా, గాలితో ఉబ్బే గుండ్రటి డోమ్ ప్లానెటేరియంలు ఉంటాయి కదా, ఒక బ్లోయర్ ఫ్యాను, బొమ్మని కప్పు అంతా పరిచే చేపకన్ను లెన్స్ ఉన్న ఒక ప్రొజెక్టర్ చాలు, స్కూల్ హాల్లోనే బిగించేయొచ్చు, పిల్లలు వంగి లోపలికి వెళ్ళి చాప మీద పడుకుని చూస్తారు. అలాంటిది జిల్లాకి ఒక్కటి కొని బడి బడికీ తిప్పించండి.

కామెంటరీ మాత్రం తెలుగులోనే ఉండాలి. షోలో కృత్తికలనే చుక్కల గుంపు వచ్చినప్పుడు మా అమ్మమ్మ చెప్పినట్టు పిల్లలకోడి అని కూడా చెప్పించండి. ఆదివారం షో పెట్టి తల్లిదండ్రుల్ని కూడా రానివ్వండి సార్, వాళ్ళూ చూడలేదు ఎప్పుడూ.

ఇట్లు,
ఒక గవర్నమెంట్ స్కూల్ పిల్లల తండ్రి