నరం పట్టే చేతులకూ మళ్ళీ క్లాసు కావాలి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ జిల్లాలో పదహారేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, మొదట్లో ప్రైవేటు ఆస్పత్రుల్లో, తర్వాత సర్కారు దవాఖానలో. మే 12, నర్సుల దినం వస్తే మాకు శాలువాలు కప్పి, కేక్ కోయించి, నైటింగేల్ ఫొటోకి దండేస్తారు, మరుసటి రోజు మీ పేపర్లో ఫొటో కూడా వస్తుంది, సంతోషమే. కానీ మేం రోజూ ఎక్కువసార్లు చేసే పని నరం వెతికి క్యానులా, అంటే సన్నని ప్లాస్టిక్ గొట్టం, పెట్టి సెలైనో మందో ఎక్కించడం (పుస్తకంలో దాన్ని సిర అంటారు, వార్డులో పేషెంటుకీ మాకూ అది నరమే). చదువు అయిపోయాక దాన్ని నాకు మళ్ళీ కూర్చోబెట్టి నేర్పించిన ఆస్పత్రి ఈ పదహారేళ్ళలో ఒక్కటీ లేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన వారం మర్రిగూడ వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన తరం, మోచేతులు వంగిపోయి చాపడానికి రావు. నైట్ డ్యూటీలో కొత్త సిస్టర్ ఆ మోచేతి మడత దగ్గరే నాలుగుసార్లు పొడిచింది. "ఇంకేడ పొడుస్తవు బిడ్డా, జాగ లేదు గదా" అన్నదట ముసలమ్మ. తిట్టినా బాగుండేది. ఆ పిల్లది తప్పు అనను, తనకి చూపించింది ఆ ఒక్క చోటే. మడత దగ్గర క్యానులా చేయి కదిలితే చాలు కదిలిపోతుందని, ముంజేతి మీద చూడాలని, చేయి కాసేపు కిందికి వేలాడేసి వెచ్చటి గుడ్డ కప్పితే నరం పైకి తేలుతుందని, రెండుసార్లు దొరక్కపోతే ఇంకొకరిని పిలవాలని ఎవరూ చెప్పలేదు. పైగా పిలవడం నామోషీ అనుకుంటారు మా దగ్గర.

నా తప్పు కూడా చెబుతాను. ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. బీపీ పడిపోయిన పెద్దాయనకు అరచేతి వెనక చిన్న నరంలో నార్ఎడ్రినలిన్ అనే బీపీ పెంచే మందు నడుస్తోంది. తెల్లారుజామున చూస్తే క్యానులా చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయి చల్లబడి ఉంది, అంటే మందు నరం దాటి కండలోకి కారిపోతోంది. కంగారులో క్యానులా లాగేసి, వాపు కదా అని ఐస్ పెట్టాను. రెండూ తప్పే. మందు ఆ చేతికి ఆపి వేరే నరానికి మార్చి, పాత క్యానులా తీయకుండా సిరంజితో లోపల మిగిలింది వెనక్కి లాగి, డాక్టర్‌ని పిలవాలి, విరుగుడు ఆ దారినే ఇవ్వడానికి వీలుంటుంది. ఇక ఐస్ సంగతి. ఆ మందు పనే రక్తనాళాల్ని ముడవడం, దాని మీద చల్లదనం తగిలితే ఇంకా ముడుచుకుంటాయి, పెట్టాల్సింది వెచ్చటి కాపడం. పెద్దాయన బతికాడు కానీ చేతి మీద చర్మం నల్లబడి ఊడిపోయింది, నెలల తరబడి డ్రెస్సింగ్ చేయించుకున్నాడు. ఐస్ పెట్టడం తప్పని నాకు తెలిసింది ఆరేళ్ళ తర్వాత, అదీ డ్యూటీ రూములో టీ తాగుతుంటే ఒక సీనియర్ సిస్టర్ మాటల్లో. ఆ ఆరేళ్ళలో ఇంకెందరికి ఐస్ పెట్టానో గుర్తు తెచ్చుకోవాలంటే భయం.

పైగా చదివినప్పటి సంగతులు అలాగే ఉండవు. మూడు రోజులకోసారి క్యానులా మార్చాల్సిందే అని మాకు నేర్పారు. ఆస్ట్రేలియాలో మూడు వేల మందికి పైగా పేషెంట్ల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, గడువు పెట్టి మార్చినవాళ్ళకీ, అవసరమైనప్పుడే మార్చినవాళ్ళకీ నరం వాపులో తేడా కనిపించలేదు. అందుకే ఇప్పుడు పెద్దవాళ్ళకి నొప్పి, ఎరుపు, వాపు, గట్టిదనం లాంటివి కనిపిస్తేనో, ఇక దాని అవసరం లేకపోతేనో తీయమంటున్నారు. వినడానికి బాగుంది. కానీ ఈ కొత్త పద్ధతి నిలబడేది ప్రతి షిఫ్టులో ఒకరు ఆ చేయి పట్టుకుని చూస్తేనే, చూసేవాళ్ళకి ఏం చూడాలో తెలిస్తేనే. చూపు నేర్పకుండా గడువు మాత్రం ఎత్తేస్తే ఆరో రోజున చీము పట్టిన క్యానులా కనిపిస్తుంది, నేను చూశాను.

మన చిన్న ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, ఆర్‌ఎల్ (కాల్షియం ఉండే రింగర్ లాక్టేట్ సీసా) ఒకే లైన్లో కలిస్తే మందు, కాల్షియం కలిసి గడ్డలా పేరుకుంటాయి. పసిపిల్లలకైతే ప్రాణం మీదికి వస్తుంది, పెద్దవాళ్ళకైనా మధ్యలో మామూలు సెలైన్‌తో లైన్ కడగాలి. మా వార్డులో ఈ ముక్క అడిగితే పదిమందిలో ముగ్గురు చెప్పగలిగారు.

కిడ్నీ పేషెంట్ల మాట కూడా చెప్పాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా (సిరని ధమనితో కలిపే ఆపరేషన్) చేసిన చేయి ముట్టుకోకూడదని అందరికీ తెలుసు. కానీ కిడ్నీలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరుగుతున్న పాతికేళ్ళ కుర్రాడికి జ్వరమొస్తే ముంజేతి మీదే వరసగా నాలుగు క్యానులాలు పెడతాం, రెండేళ్ళ తర్వాత ఫిస్టులా చేయడానికి సర్జన్‌కి మంచి నరం మిగలదు. అరచేతి వెనక పెట్టి ఉంటే ఆ నరం దక్కేది. పాలమూరులో అచ్చంపేట, అమ్రాబాద్ వైపు రక్తపింజరి కాటుతో వచ్చినవాళ్ళకి రక్తం గడ్డకట్టదు, వాళ్ళకి నొక్కిపట్టడానికి వీలుకాని చోట, మెడలోనో గజ్జల్లోనో పొడిస్తే లోపలే కారుతుంది. ఇవన్నీ పెద్ద చదువులేం కావు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చే విషయాలు.

క్లాసులు అసలు లేవని కాదు. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి సీఎన్‌ఈ (ఉద్యోగంలో ఉంటూ చదువు కొనసాగించడం) గంటలు కావాలి కాబట్టి జరుగుతుంటాయి, హైదరాబాద్‌లో హోటల్ హాల్లో, ఇంగ్లీషు స్లైడ్లతో, పక్కన కంపెనీ వాళ్ళ స్టాల్, భోజనం, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. వెళ్ళేది ఇన్‌చార్జి సిస్టర్లు. రాత్రిపూట నరం వెతికే పిల్లలు వెళ్ళరు, ప్రైవేటులో అయితే ఆ రోజు జీతం కోస్తారు. ఆన్‌లైన్ క్లాసైతే ఫోన్ ఆన్ చేసి పొయ్యి దగ్గర పెట్టుకుని వంట చేసుకుంటూ గంటలు నింపుకుంటాం, నేనూ అదే చేశాను. అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి 1940లోనే నరంలోకి మందు ఎక్కించే పనికోసమే ఏడా ప్లమర్ అనే నర్సును పెట్టుకుంది, 1973లో ఆ దేశంలో ఈ నర్సులకు సంఘమే ఏర్పడింది. మన దగ్గర ఇంకా "నరం పట్టడం ఎవరికైనా వస్తుందిలే" అనే మాటే. నీరసానికి గ్లూకోజ్ పెట్టమని అడిగే జనం కూడా అందుకు కారణమే అనుకోండి, ఐదు శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, దాని కోసం మంచి నరాన్ని పాడుచేయించుకుంటారు.

నేను అడిగేది కొత్త బిల్డింగు కాదు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. మెడికల్ కాలేజీ అంటే ఎంబీబీఎస్ పిల్లలకు చేయి తిరగడానికి స్కిల్ ల్యాబ్ ఉండాలి, అందులో పొడవడానికి బొమ్మ చేతులుంటాయి. మూడు నెలలకోసారి రెండు రోజులు ఆ గది మాకివ్వండి. ప్రైవేటు నర్సింగ్‌హోమ్ పిల్లల్ని కూడా రానివ్వండి, వాళ్ళ యాజమాన్యాలు ఆ రెండు రోజులు డ్యూటీ కింద లెక్కేయాలి. చెప్పేవాళ్ళు ప్రొఫెసర్లే కానక్కర్లేదు, డయాలసిస్‌లో, పిల్లల వార్డులో ఇరవై ఏళ్ళు చేసిన సిస్టర్లు చాలు. తెలుగులో చెప్పించండి. చివర్లో పేపర్ పరీక్ష వద్దు, క్యానులా పెట్టి చూపించమనండి, నిమిషానికి చుక్కలు లెక్కపెట్టమనండి, మందు ఎక్కించే పంపు లేని వార్డుల్లో అదే దిక్కు కదా, 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే సెలైన్ సెట్టుతో అర లీటరు నాలుగు గంటల్లో పోవాలంటే నిమిషానికి 42 చుక్కలు అని చెప్పగలిగిన వాళ్ళకే సర్టిఫికెట్ ఇవ్వండి.

ఆదివారం పెట్టినా వస్తాం. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి టీ, టిఫిన్ మాత్రం పెట్టించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
నల్లగొండ జిల్లా