మూడు వారాల్లో చేయి తిరగాలంటే

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో 2022 నవంబరులో ఒకేసారి ఎనిమిది, మరుసటి ఏడు ఇంకో తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో అయిదు తెరిచారు. సీట్ల గురించి, భవనాల గురించి చర్చ చాలానే జరిగింది. అక్కడ చదివినవాళ్లు చివర్లో ఆసుపత్రి శిక్షణకు వచ్చి హౌస్ సర్జన్లయ్యాక చంటిబిడ్డను చేతిలోకి తీసుకుని ఏం చేయగలరన్నది చర్చకే రాలేదు. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఏడాది హౌస్ సర్జన్సీలో పిల్లల విభాగానికి దక్కేది మూడు వారాలు. అందులోనూ చాలా భాగం ల్యాబుకు శాంపిళ్లు మోయడంలో, కేస్ షీట్లు నింపడంలో గడిచిపోతుంది.

ఊపిరి లెక్కపెట్టడమే తీసుకోండి. దీనికి వాచీ తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంతకు మించినా వేగంగా పీలుస్తున్నట్టే. అంకెలు అందరికీ నోటికి వచ్చు. కానీ పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేస్తారు. చంటిపిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు, మధ్యమధ్య ఆగి మళ్లీ అందుకుంటుంది. అందుకే నిండు నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి చూడాలి. స్టెతస్కోపు ముందే తగిలిస్తే బిడ్డ ఏడుస్తుంది, ఏడ్చాక ఆ లెక్క పనికిరాదు. కాబట్టి బిడ్డ తల్లి ఒళ్లో నెమ్మదిగా ఉన్నప్పుడే చొక్కా పైకెత్తి చూడాలి. ‘డొక్కలెగరేస్తున్నాడు’ అని తల్లి చెప్పేది కూడా అప్పుడే కళ్లకు కనబడుతుంది. వార్డులో పిల్లలందరి షీట్ల మీదా ఒకే అంకె ఉందంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం.

విరేచనాల విషయంలో మందు రాయడం తేలిక, కలపడం చూపించడమే కష్టం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాములుంటుంది, మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున వేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని, నీళ్లు ఎక్కువైతే ఫలితం తక్కువ. ఒంట్లో నీరు కొంత తగ్గిన పది కిలోల బిడ్డకు నాలుగు గంటల్లో 750 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. జింక్ 14 రోజులు వేయాలి: ఆరు నెలల లోపు 10 మిల్లీగ్రాములు, ఆపైన 20. విరేచనాలు కట్టగానే తల్లి ఆపేస్తుంది, ఎందుకు కొనసాగించాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల. అట్ట డబ్బాల్లో వచ్చే తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే గాని అది రాలేదు. అసలు ఓఆర్ఎస్‌కూ ఆ తీపి పానీయాలకూ ఉన్న తేడా మన హౌస్ సర్జన్ కూడా తల్లికి చెప్పగలగాలి.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది కాన్పు గది. పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషమే ప్రాణం. తుడిచి, వెచ్చని పొడిగుడ్డ మార్చి, వీపు రుద్దినా ఊపిరి అందుకోకపోతే ఆ నిమిషం లోపే చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగ్, మాస్క్ పట్టాలి. జరిగేదేమిటంటే, నోట్లో ద్రవాలు లాగే సక్షన్ గొట్టం పదేపదే లోపలికి తోస్తూ ఉన్న కాస్త సమయం పోగొడతారు. గొంతు లోతుకు వెళితే గుండె వేగం పడిపోతుంది కూడా. మాస్క్ నోటినీ ముక్కునూ గడ్డం కొననూ కప్పాలి, కళ్ల మీదికి రాకూడదు. పెద్ద మాస్క్ పెడితే అంచుల్లోంచి గాలంతా బయటికే. తల వెనక్కి మరీ వాల్చినా, ముందుకు వంగినా దారి మూసుకుపోతుంది. భుజాల కింద పల్చటి గుడ్డ మడత చాలు. ‘నొక్కు, రెండు, మూడు’ అని పైకి అనుకుంటూ నొక్కితే నిమిషానికి 40–60 సార్లు వస్తుంది. ఛాతీ లేవకపోతే నొక్కుతూ పోవడం వృథా: మాస్క్ సరిచేయాలి, తల సరిచేయాలి, నోట్లో ఉన్నది తీయాలి, నోరు కొంచెం తెరవాలి, అప్పటికీ కాకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, శిక్షణ కోసం ఉండే పసిబిడ్డ బొమ్మ మీద పదేపదే చేస్తేనే వస్తుంది. ఆ బొమ్మేమో స్కిల్ ల్యాబ్ బీరువాలో, తాళంచెవి స్టోర్ వాళ్ల దగ్గర!

అందుకని బొమ్మనూ బ్యాగ్‌నూ కాన్పు గది పక్క డ్యూటీ రూంలోకి మార్చమని కోరుతున్నాం. మూడు వారాల్లో మొదటిది బాలింతల వార్డుకే కేటాయించాలి. బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టిందో లేదో చూడటం, తక్కువ బరువు బిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం, పగటి వెలుగులో చర్మం నొక్కి కామెర్లు పోల్చుకోవడం అక్కడే వస్తాయి. వీటితో పాటు ఊపిరి లెక్క, ఓఆర్ఎస్ కలపడం, బ్యాగ్ పట్టడం అధ్యాపకుడి కళ్లెదుట చేసి చూపించేదాకా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టకూడదు.

— పిల్లల వైద్య విభాగం విశ్రాంత అధ్యాపకులు, కరీంనగర్