డకోటా పడలేదు నాన్నా, తిరిగింది

నాన్నకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మా రన్‌వే మీద విమానం గిర్రున తిరిగిపోయిన ఆ వీడియో చూసినప్పటి నుంచి అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని అప్ప చెప్పింది. నేను పంపింది నీకు చూపించమని, విజయనగరం మొత్తానికి చూపించమని కాదు. ఫోన్ చేస్తే మధ్యలో అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నాను.

ముందు సంగతి: ఆ విమానంలో నేను లేను. హ్యాంగర్ గుమ్మంలో టీ పట్టుకుని నిలబడ్డాను. పైలట్లిద్దరూ దెబ్బ తగలకుండా నడిచి దిగారు.

అది డకోటా, రెండు ఇంజిన్ల పాత విమానం. 1943లో తయారైంది, నీకంటే పెద్దది. 1947 అక్టోబరు 27న మన సైనికుల్ని శ్రీనగర్‌లో దించినవి కూడా ఈ రకమే. నేల మీద ముక్కు పైకెత్తి, తోక ఆనించి కూర్చుంటుంది. పెద్ద చక్రాలు ముందు, బుల్లి చక్రం తోక కింద. బరువు పెద్ద చక్రాలకి వెనకాల పడుతుంది, తంటా అంతా అక్కడే. ఎడ్లబండిని కాడి పట్టుకుని వెనక్కి నెట్టినప్పుడు కాస్త వంకర పోయిందంటే, ఆ వంకర పెరుగుతూనే పోతుంది చూడు, అదే ఇది.

ఆ రోజు ఎడమ నుంచి గాలి. చక్రాలు మెత్తగా ఆనాయి, తోక కూడా దిగింది. ఇంకేముంది అనుకుని టీ తాగబోయాను. స్పీడు తగ్గాక తోక మీది చుక్కానికి, అంటే పైలట్ కాళ్ళతో తొక్కి తిప్పే పలకకి, గాలి పట్టు చాలదు. ముక్కు ఎడమకి తిరగడం మొదలైంది, ఇక ఆగలేదు. కుడి చక్రం కాలు మడతపడి, రెక్క కొస తారు గీసుకుంటూ పోయింది. చివరికి వచ్చిన దిక్కుకే మొహం పెట్టి కూర్చుంది.

కుడి ప్రొపెల్లర్ మూడు రేకులూ వెనక్కి వంగిపోయాయి, అరటితొక్క ఒలిచినట్టు. అలా వంగితే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోందని లెక్క. పవర్‌లో ఉంటే కొసలు ముందుకి వంగుతాయి. ఇప్పుడు ఆ 14 సిలిండర్ల ఇంజిన్ మొత్తం విప్పి చూడాలి. ఎన్నాళ్ళు పడుతుందో!

ఇక్కడా అందరూ ఒకటే మాట, పాత డొక్కు అని. సాలూరు ఘాట్‌లో నీ బస్సు కాలవలో దిగినప్పుడు కూడా ఇదే అన్నారు కదా. నువ్వు మాత్రం "బ్రేకులు బాగున్నాయి, నేనే ఆలస్యంగా తొక్కాను" అని రాసిచ్చి వచ్చావు. అమ్మ వారం రోజులు తిట్టింది. ఈ పెద్ద పైలట్ కూడా దర్యాప్తు వాళ్ళు అడగకముందే "నా కాళ్ళే ఆలస్యమయ్యాయి" అన్నాడు. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది.

భోగాపురంలో ఎయిర్‌పోర్టు ఉందిగా, వచ్చేయమంటావు. డకోటా లేచి నిలబడ్డాక మాట్లాడదాం. గురువారం క్రేను వస్తుంది, రెక్క కింద గాలిసంచులు పెట్టి లేపుతాం.

అమ్మకి మాత్రం టైరు పంక్చరని చెప్పు.

నీ కొడుకు