బాజేకి, ఇంకా కొంతమందికి

నేపాల్ నుంచి ఇంటికి చేరి 12 రోజులైంది. మా ఆయన కాలు రెండు తలగడల మీద పెట్టుకుని గురక పెడుతున్నారు. నిద్ర పట్టనిది నాకే. ఎలా ఉన్నారు, ఏమైంది అని అడిగిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. ఇదే జవాబు అనుకోండి.

తెలియనివాళ్ల కోసం: మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఆయన మోటార్లు, పంపులు బాగుచేస్తారు. నేను కుట్టుపని నేర్పుతాను. పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డాక, ఏడాదికోసారి ఎక్కడికైనా వెళ్లి, తిండీ పడకా వాళ్లవి, పని మాది అన్నట్టు ఉండి రావాలనుకున్నాం. ఈసారి నేపాల్, లాంజుంగ్ జిల్లాలో కొండ మీద గురుంగు తెగవాళ్ల ఊరు. ఆయన బడికి నీళ్లొచ్చే గొట్టం సరిచేశారు. నేను ఆడపిల్లలకి నెలసరి గుడ్డలు కుట్టుకోవడం నేర్పాను. 6,983 మీటర్ల లాంజుంగ్ హిమాల్ ఎదురుగానే ఉందన్నారు గానీ మూడు వారాల్లో నేను చూసింది మబ్బుని. తొలిరోజు ఢిండో అని వండి పెడితే, ఇది మన చోడిపిండి (రాగిపిండి) ముద్దే కదా అని ఇద్దరం నవ్వుకున్నాం.

బయల్దేరడానికి ఇంకా నాలుగు రోజులుందనగా వానలో రాతిమెట్ల మీద ఆయన జారిపడ్డారు. చీలమండ విరిగింది. జీపు రోడ్డు కిందకి మూడు గంటల నడక.

అక్కడ అంబులెన్స్ అంటే డోకో. వెదురు బుట్ట. దాని పట్టీ నుదుటికి తగిలించుకుని వీపున మోస్తారు. బుట్టకి ఒక పక్క కోసేసి మనిషిని కూర్చోబెట్టారు. మా ఆయన 78 కిలోలు, అందులో నా వంట పాపం కొంత ఉంది. వాళ్లకి అసార్ నెల, నాట్ల రోజులు. ఐదుగురు మడిలోంచి బురదకాళ్లతోనే వచ్చేశారు. అందులో ఒకాయనకి 70కి దగ్గరే ఉంటాయి. అందరూ బాజే అన్నారు, తాత అని. మన సైన్యంలో గోర్ఖా పటాలంలో పనిచేశారట, హిందీ వచ్చు. మీరు వద్దని కుర్రాళ్లు అంటున్నా వినకుండా తన వంతు తను మోశారు.

రోడ్డు దగ్గరికి వచ్చాక నేను ఒక రాయి మీద కూలబడ్డాను. అప్పుడు చూసుకున్నాను, రెండు కాళ్లూ నెత్తురు. జలగలు. కెవ్వున అరిచాను. బాజే వచ్చి నా ముందు గొంతుకూర్చుని, చొక్కా జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, నా పాదం ఎత్తి తన మోకాలి మీద పెట్టుకున్నారు. వద్దు వద్దంటూ కాలు వెనక్కి లాక్కున్నాను. అంత పెద్దాయన నా కాళ్లు పట్టుకోవడమేమిటి, ఆయుక్షీణం కదా. ఆయన వదల్లేదు. ఉప్పు అద్దుతూ ఒక్కొక్కటే రాల్చి లెక్కపెట్టారు, ఏక్, దుయి, తీన్ అని. ఎడమ కాలికి ఏడు, కుడి కాలికి నాలుగు. తర్వాత "నరోవు నానీ" అన్నారు. ఏడవకు తల్లీ అని. నేపాలీలో కూడా పిల్లల్ని నానీ అంటారని అప్పటిదాకా నాకు తెలీదు. మా అమ్మ పోయాక నన్నలా పిలిచినవాళ్లు లేరు. మా ఆయన కాలు విరిగినప్పుడు ఏడవలేదు నేను. అక్కడ, రోడ్డు పక్కన, అందరూ చూస్తుండగా బావురుమన్నాను.

మా జిల్లాలోని గుమ్మా, సెరంగో కొండల్లోంచి రోగుల్ని డోలీలో దించారని పేపర్లో ఎన్నిసార్లు చదివుంటాం? అయ్యో పాపం అని పేజీ తిప్పేసేదాన్ని. మోసేవాడి మెడ ఎలా ఉంటుందో మొన్నే చూశాను.

సంచిలో ఉన్న 500 నోటు ఇవ్వబోయాను. వంద దాటిన మన నోట్లు అప్పట్లో అక్కడ చెల్లేవి కావని తెలిసి కూడా, ఆ కంగారులో. బాజే నవ్వి, నోటు మడిచి నా చేతిలోనే పెట్టేశారు. మళ్లీ ఆ కొండంతా ఎక్కి మడిలోకి దిగాలి. పేరైనా అడగలేదు నేను.

ఇక ఇన్సూరెన్స్ వాళ్ల సంగతి. బేసీసహర్ ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్న బిల్లు మీద అసార్ 2082 అని ఉంది. అది విక్రమ సంవత్సరం, వాళ్ల దేశంలో సర్కారు లెక్కలన్నీ అందులోనే. మొన్న బరంపురం ఆఫీసుకి వెళ్తే, ఈ తేదీ ఇంకా రాలేదు, క్లెయిము కుదరదు అన్నాడు కౌంటర్లో అబ్బాయి. మన పంచాంగంలోనే ఉంటుంది బాబూ అని ఫోన్లో తీసి చూపించాను. పంచాంగం ప్రూఫ్ కాదట! పైగా ఇంటిపేరు పాలసీలో వెనక, బిల్లులో ముందు ఉందని ఇంకో పేచీ. ఒడిశాలో తెలుగువాళ్లకి ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్న తద్దినమే. ప్రీమియం కట్టించుకున్న రోజున ఇంటిపేరు ఎటుంటే ఎవరికి కావాలి? మమ్మల్ని ఆ ఊరికి పంపిన ఏజెన్సీ ఫోనైతే ఇప్పటికీ స్విచ్చాఫే.

మా మరిది సరిహద్దులో ఉన్న రక్సౌల్ దాకా వచ్చి తీసుకొచ్చాడు, అబ్బాయి డబ్బు పంపాడు, వదిన వంట చేస్తోంది. వాళ్లకి థాంక్స్ చెప్తే కోప్పడతారు.

అన్నట్టు మర్చిపోయాను, జీపు నడిపిన కుర్రాడు. కొండచరియ విరిగిన చోట ఇవతల దింపేసి వెళ్లిపోకుండా, అవతల ఇంకో జీపు మాట్లాడి మా ఆయన్ని ఎత్తుకుని దాటించాడు. హౌరా రైల్లో కింది బెర్తు ఇచ్చేసిన బెంగాలీ విద్యార్థి. పలాసలో చక్రాల కుర్చీ కోసం పరిగెత్తిన పోర్టరన్న.

అయ్యో, అసలు మనిషి. కుట్టు క్లాసులో వెనక కూర్చునే పిల్ల. మూడు గంటలూ మా ఆయన తల మీద గొడుగు పట్టుకుని, తను తడుస్తూ దిగింది. జీపు కదిలేటప్పుడు ఆ గొడుగు లోపలికి విసిరేసింది. ఇప్పుడది మా తలుపు వెనక ఉంది. వాళ్లకింకా వానలే.