శ్రీలంకలో పూల వెంట పన్నెండు రోజులు

ప్రియమైన మిత్రమా,

శ్రీలంక నుంచి తిరిగివచ్చి వారం దాటింది. నేను పంపిన ఫోటోలు చూసి నువ్వు అడిగిన ప్రశ్న ఈ వారమంతా నా మనసులో మెదులుతూనే ఉంది. "పూల ఫోటోలు తీయడానికి వెళ్తున్నానన్నావు. తీరా చూస్తే వీటిలో పూల కంటే చేతులూ, రాళ్లూ, బుట్టలే ఎక్కువగా ఉన్నాయేమిటి?" అన్నావు. ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నువ్వు కూడా వచ్చే జనవరిలో వెళ్లాలనుకుంటున్నావు గనుక కాస్త విస్తారంగానే రాస్తాను, ఓపికగా చదువు.

మనం కెమెరా పట్టిన తొలి రోజుల నుంచీ పువ్వును ఫోటో తీసే పద్ధతి నాకు ఒక్కటే తెలుసు. ఎండ ముదరకముందే దగ్గరికి వెళ్లి, లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని (అపర్చర్) పూర్తిగా తెరిచి, వెనకనున్నదంతా మంచులా కరిగిపోయేట్టు చేసి, ఫ్రేములో పువ్వు ఒక్కటే మిగిలేలా తీయడం. కొలంబోలో దిగి నేరుగా క్యాండీ చేరి, మర్నాడు పొద్దున పేరాదెనియ వృక్షోద్యానానికి వెళ్లినప్పుడు కూడా అదే చేశాను. 1821లో ఆ స్థలంలో మొదలైన తోట అది. నూట నలభై ఏడు ఎకరాల ఆ నేలను మహావెలి నది మూడు వైపులా చుట్టుకొని పారుతూ ఉంటుంది. హోటలు గదిలోని చల్లదనం నుంచి ఆ తేమగాలిలోకి రాగానే లెన్సు మీద ఆవిరి పట్టేసి, అరగంట దాకా ఏమీ కనిపించలేదు. నువ్వు వెళ్లినప్పుడు కెమెరాను సంచిలోంచి వెంటనే తీయకు, బయటి వేడికి అలవాటు పడనివ్వు. ఆర్కిడ్ల గదిలో గంటన్నర గడిపి నూట ఎనభై ఫోటోలు తీశాను. అన్నీ అందంగానే వచ్చాయి, కానీ నిజం చెప్పాలంటే వాటిని ప్రపంచంలో ఏ నర్సరీలోనైనా తీయవచ్చు.

ఆర్కిడ్ల గది నుంచి బయటికి వచ్చి తోటలో నడుస్తుంటే మీ ఊరి శివాలయం గుర్తుకొచ్చే చెట్టు ఎదురైంది. అదే, మన నాగమల్లి! తరువాతి కాలంలో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి అయిన దంపతులు 1901లో అక్కడికి వచ్చి తమ చేతులతో నాటిన చెట్టట అది. మాను నిండా, కొమ్మలతో సంబంధం లేకుండా, తాళ్లలా వేలాడే కాడలకు ఎర్రని పూలు, ఫిరంగి గుండ్లలాంటి కాయలు. చిన్నప్పుడు ఆ పూలను ఏరుకొచ్చి మీ అమ్మగారి పూజ గదిలో పెట్టేవాళ్లం, గుర్తుందా? పడగ విప్పిన పాము, దాని కింద లింగం అని ఆవిడ మనకు విప్పి చూపించేవారు. ఈ పువ్వును ఫోటో తీయడంలో ఒక మెళకువ ఉంది. ఎదురుగా తీస్తే పడగ, లింగం కలిసిపోయి ఒక ఎర్రటి ముద్దలా కనిపిస్తాయి. కొద్దిగా పక్కకు జరిగి, పువ్వు ఎత్తుకు కెమెరాను దించి తీస్తేనే పడగ వంపు, దాని కింది నీడ, అడుగున కేసరాల వలయం మూడూ విడివిడిగా తెలుస్తాయి.

నేను అలా వంగి తీస్తుండగా తెల్లచీర కట్టుకున్న ఒక ముసలమ్మ కింద రాలిన పువ్వునొకదాన్ని ఏరి, కుళాయి దగ్గర కడిగి, అరచేతిలో పెట్టుకొని నా వైపు చాపింది. వెంట ఉన్న మనవరాలు ఆమె మాటలను ఇంగ్లీషులో చెప్పింది. వాళ్లు దాన్ని సాల పుష్పం అంటారట. నడుమ ఉన్న గుండ్రని బొడిపె స్తూపమట, దాని పైకి వంగినది స్తూపానికి పట్టిన గొడుగట. మనం లింగాన్ని చూసినచోట ఆమె స్తూపాన్ని చూస్తోంది! బుద్ధుడు పుట్టినదీ, నిర్యాణం పొందినదీ సాలవృక్షాల నీడలో అని చెబుతారు కదా, ఆ సాలవృక్షం మన గుగ్గిలం చెట్టు. దానికీ దీనికీ చుట్టరికం లేదు. నాగమల్లి పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఎప్పుడో ఎవరో రెండింటినీ ఒకటే అనుకోవడంతో ఆ పేరు నిలిచిపోయి, ఈ చెట్టు శ్రీలంకలో గుడిగుడికీ చేరింది. మన శివాలయాలకు చేరిన చెట్టు కూడా అలా సముద్రాలు దాటి వచ్చినదే. అంత దూరం నుంచి వచ్చిన పువ్వులో ఇద్దరమూ మన మన దేవుణ్ణి ఇంత స్పష్టంగా చూసుకుంటున్నామంటే నాకు ఒళ్లు జలదరించింది.

అప్పటిదాకా నేను ఆ చెట్టు దగ్గర తీసిన ముప్పై ఫోటోల్లోనూ పువ్వు ఉంది గాని, ఆమె చూసిన స్తూపం లేదు. అనుమతి అడిగి, ఆ అరచేతినీ అందులోని పువ్వునూ కలిపి తీశాను. నువ్వు మొదట అడిగిన ఫోటో అదే. ఆ పువ్వు ఎక్కడికి వెళ్తోందని అడిగితే "సాయంత్రం గుడికి" అంది మనవరాలు. మిగిలిన రోజుల్లో పూలు ఎక్కడికి పోతే అక్కడికి పోవాలని నేను నిశ్చయించుకున్నది అప్పుడే.

ఆ సాయంత్రం క్యాండీలో, బుద్ధుడి దంతాన్ని భద్రపరచిన దంతధాతు మందిరానికి వెళ్లాను. బల్ల మీద దేవగన్నేరు, మల్లె, కలువ పూలు రాశులుగా పోసి ఉన్నాయి. జనసమ్మర్దం వల్ల ఫోటోలు తక్కువే తీయగలిగాను. ఒక సంగతి మాత్రం నీకు నచ్చుతుంది. 1739 నుంచి 1815 వరకు క్యాండీని ఏలిన రాజులు నాయక వంశస్థులు, తెలుగు మూలాలున్న మదురై నాయకుల బంధువర్గం. ఆ వంశపు కీర్తిశ్రీ రాజసింహుడే 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, అక్కడ సన్నగిల్లిన బౌద్ధ సంఘానికి మళ్లీ ప్రాణం పోశాడు.

అసలు పూల ఊరు పాత రాజధాని అనురాధపురం. పున్నమి రోజును వాళ్లు పోయ అంటారు, ఆ రోజు దేశమంతటికీ సెలవు. ఆ రోజే అక్కడ ఉండేటట్టు ప్రయాణాన్ని కుదుర్చుకోవడం నేను చేసిన మంచి పని, నువ్వు కూడా అలాగే చెయ్యి. తెల్లవారుజామునే దారి పొడవునా పూల దుకాణాలు తెరుచుకుంటాయి. గులాబి రంగు తామర మొగ్గలు, ఊదారంగు కలువలు నీళ్ల బకెట్లలో నిలబెట్టి ఉంటాయి. కొన్నవాళ్లు మొగ్గ రేకులను వేళ్లతో ఒక్కొక్కటే విప్పి, నీళ్లు చిలకరించి, రెండు చేతులతో పట్టుకొని నడుస్తారు. ఆ పూలను వాసన చూడరు. దేవుడికిచ్చేదాన్ని ముందుగా మనం అనుభవించకూడదన్న మన ఇళ్లలోని నియమమే అక్కడా ఉంది. అందరూ తెల్లబట్టలు కట్టుకొని వస్తారు కాబట్టి ఫ్రేము తెలుపుతో నిండిపోతుంది. కెమెరా మీటరు ఆ తెలుపును బూడిదరంగుగా లెక్కగడుతుంది గనుక నీడలో ఎక్స్‌పోజరును ఒక స్టాపు, అంటే వెలుగును రెట్టింపు, పెంచుకోవాలి. ఎండ నేరుగా పడుతున్నచోట మాత్రం పెంచకు, తామర రేకుల మీది సన్నని ఈనెలు తెలుపులో కలిసి మాయమవుతాయి. పాదరక్షలు, టోపీ తీసేయాలి, భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. బుద్ధ విగ్రహానికి వీపు చూపిస్తూ ఫోటో దిగడం అక్కడ పెద్ద తప్పు. ఈ విషయంలో వాళ్లకు కోపం రావడం న్యాయమే.

అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన కొమ్మ క్రీ.పూ. మూడవ శతాబ్దం నుంచి అక్కడ బోధివృక్షమై నిలిచి ఉంది. దాని ముందు పూలబల్ల పక్కన నేను తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాను. పూలు పెట్టేటప్పుడు చదివే పాళీ శ్లోకంలో, ఈ పువ్వు వాడిపోయినట్టే ఈ దేహమూ నశిస్తుందన్న భావం ఉందని పక్కన కూర్చున్న పెద్దాయన వివరించాడు. అది విన్నాక మధ్యాహ్నపు ఎండకు అంచులు గోధుమరంగుకు తిరిగిన తామరలను కూడా వదలకుండా తీశాను. సాయంత్రం సేవకులు వాటిని బుట్టలకెత్తి తీసుకుపోతుంటే వెనకాలే నడిచాను. ఆ బుట్టల ఫోటోలే నీకు వింతగా అనిపించినవి. నాకు మాత్రం ఈ ప్రయాణంలో తీసినవాటన్నిటిలోకీ అవే ఇష్టం. విచ్చినప్పుడు తీసి వాడినప్పుడు వదిలేస్తే, ఆ పువ్వు కథలో సగమే చెప్పినట్టు.

అక్కడి గుడుల మెట్ల ముందు అర్ధచంద్రాకారపు చంద్రశిలలు ఉంటాయి. అంచున అగ్నిజ్వాలలు, తరువాత ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు వరుస, ఆపైన లత, హంసల బారు, నట్టనడుమ సగం తామర పువ్వు. అలాంటి చంద్రశిలలు మన నాగార్జునకొండలోనూ ఉన్నాయి. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలపు బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం అక్కడ చైత్యగృహం కట్టించినట్టు శాసనం చెబుతోంది. కృష్ణా తీరానికీ ఆ ద్వీపానికీ మధ్య ఈ రాతి తామర ఎన్నిసార్లు అటూ ఇటూ ప్రయాణించిందో! దాన్ని మిట్టమధ్యాహ్నం తీస్తే చదునైన రాయిలా ఉంటుంది. పొద్దు వాలే వేళ పక్క నుంచి వెలుగు పడినప్పుడు ఒక్కో రేకూ నీడతో లేచి నిలబడుతుంది.

అనురాధపురం తరువాతి రాజధాని పొలన్నరువలో ఆ రాతి తామర ఇంకా ముందుకు సాగింది. నిశ్శంకమల్లుడు కట్టించిన లతామండపంలోని స్తంభాలు, నీటిలోంచి వంకరలు తిరుగుతూ పైకి వచ్చే తామర కాడల్లా ఉండి, కొసన మొగ్గలతో ముగుస్తాయి. ఆయన కళింగం నుంచి వెళ్లిన రాజు. ఆ వంపులు చూస్తుంటే, చెక్కిన శిల్పి మోకాలి లోతు చెరువు నీటిలో నిలబడి కాడలను పరీక్షగా చూసి ఉంటాడని నాకు గట్టిగా అనిపించింది.

సిగిరియ కొండ మీది చిత్రాల్లో స్త్రీల చేతుల్లో కూడా పూలే ఉన్నాయి. అయిదవ శతాబ్దపు కాశ్యప రాజు కాలానివి అవి. 1967లో ఎవరో వాటి మీద రంగు చల్లి పాడుచేశారు. ఇప్పుడు అక్కడ ఫోటోలు తీయనివ్వరు. మొదట మనసు చివుక్కుమన్న మాట నిజమే, కానీ కెమెరాను సంచిలో పెట్టేశాక ఆ చేతివేళ్లు కాడను పట్టుకున్న తీరును పది నిమిషాలు కన్నార్పకుండా చూశాను. కింద అద్దంలా మెరిసేట్టు నునుపు చేసిన 'అద్దపు గోడ' మీద వెయ్యేళ్ల కిందటి యాత్రికులు ఆ స్త్రీల గురించి పద్యాలు గీశారు. వాటిలో 685 పద్యాలను పరనవితాన పండితుడు చదివి 1956లో అచ్చువేశాడు.

మర్నాడు పొద్దున ఊరి బయటి చెరువులో నీలి కలువలు దొరికాయి. ఆ దేశపు జాతీయ పుష్పం అదే. అయితే చెరువుల్లో, బొమ్మల్లో ఎక్కువగా కనిపించే ఊదా రంగుది అసలైన స్థానిక జాతి కాదని అక్కడి వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కాబట్టి తొమ్మిది గంటలకల్లా చేరుకో. లెన్సుకు తగిలించే పోలరైజర్ ఫిల్టరును తిప్పుతూ నీటి మెరుపును తగ్గించు, కానీ పూర్తిగా తీసేయకు. కెమెరాలో రంగులను సర్దే వైట్ బ్యాలెన్సును ఆటోలో ఉంచితే ఊదా రంగు నీలమైపోవచ్చు, డేలైటులో పెట్టుకో. చివరి రెండు రోజులు ఎల్ల అనే కొండ ఊరి వైపు రైలు, 1921 నాటి తొమ్మిది కమానుల వంతెన చూశాను. బాగున్నాయి, ఫోటోలు నీ దగ్గర ఉన్నాయి కదా.

ఇక నిన్ను అడగవలసినది ఒకటుంది. మీ ఊరి శివాలయంలో నాగమల్లి ఇప్పుడు పూస్తోందా? పూస్తుంటే ఒక్క మాట రాయి, వచ్చే ఆదివారమే బయలుదేరి వస్తాను. పొద్దున్నే రాలిన పువ్వును మీ అమ్మగారి అరచేతిలో పెట్టించి, పేరాదెనియలో ఆ ముసలమ్మ చేతిని తీసినట్టే, అంతే దూరం నుంచి, అదే లెన్సుతో తీయాలని ఉంది. రెండు ఫోటోలనూ పక్కపక్కన అచ్చువేయించి ఒక ప్రతి ఆవిడకు ఇస్తాను. రెండవది క్యాండీకి పంపిస్తాను, మనవరాలు చిరునామా రాసిచ్చింది.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు