బాబుకు మందు ఫ్రీగా ఇచ్చారు, మా రెండున్నరేళ్ళ కూలి మాటేంటి సార్?

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి
శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం సార్.

మా బాబుకు నాలుగేళ్ళప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ రకం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద రెండున్నరేళ్ళు వైద్యం చేయించాం. ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు. కీమోకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ మాట ముందు చెప్పాలి, ఆ కార్డే లేకపోతే ఈరోజు మా బాబు లేడు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారన్న వార్త వచ్చిన రోజు వార్డులో తల్లులం ఫోన్లు ఒకరికొకరం చూపించుకున్నాం.

అయినా ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

వైద్యం మొదలైన ఆరో నెలలో ఒక అమ్మాయి వార్డుకు వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోందట. పిల్లలకు క్యాన్సర్ వస్తే తల్లిదండ్రుల పనులు, డబ్బు ఏమైపోతాయన్నది ఆమె పరిశోధన. నా పక్కన బెంచీ మీద కూర్చుని, "అక్కా, బాబుకు జబ్బు రాకముందు మీరు ఏం పని చేసేవాళ్ళు? ఇప్పుడు చేస్తున్నారా?" అని అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పటిదాకా డాక్టర్లు, నర్సులు, ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర, చుట్టాలు అందరూ బాబు గురించే అడిగారు. అడగాల్సిందీ అదే. కానీ నా పని ఏమైందని అడిగింది మాత్రం ఆమె ఒక్కతే.

నేను ఒక కంపెనీలో మాత్రల ప్యాకింగ్ చేసేదాన్ని. నెలకు 14,500. మా ఆయన వడ్రంగి. పని దొరికిన రోజు 900. మొదటి నెలంతా ఆసుపత్రిలోనే ఉన్నాం. తర్వాత ఆరేడు నెలలు వారానికి రెండు మూడు సార్లు తిరిగాం. కౌంట్లు, అంటే రక్తంలో జబ్బులను ఆపే కణాలు, పడిపోయి ఉన్నప్పుడు రాత్రి జ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగడానికి లేదు, అప్పటికప్పుడు అడ్మిట్ చేయాల్సిందే. అలాంటప్పుడు ఏ షిఫ్టుకు వస్తానని సూపర్‌వైజర్‌కు చెప్పను? రెండో నెలలో "ఇప్పటికి మానేయమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. మానేశాను. ఆ తర్వాత మళ్ళీ పిలవలేదు.

స్టెరాయిడ్ వేసే రోజుల్లో బాబుకు ఆకలి ఆగేది కాదు. రాత్రి రెండింటికి లేచి పప్పన్నం కావాలని ఏడ్చేవాడు. నిలవ ఉన్నది పెట్టొద్దన్నారు కాబట్టి ఆ వేళకే కుక్కర్ పెట్టేదాన్ని. ఆ విజిల్‌కు మా ఆయనా లేచి కూర్చునేవాడు. పొద్దున ఏడింటికల్లా పని దగ్గర ఉండాలి.

ఆ రోజుల్లో ఒక నోటుబుక్కులో లెక్క రాసేదాన్ని. అందులో ఒక రోజుది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆటో పోయేటప్పుడు 260, వచ్చేటప్పుడు 280. కొబ్బరిబోండాం 50. పాలు 35. మాస్కులు 40. బాబు వాళ్ళ నాన్నకు టీ, బన్ను 30. బయట రక్తపరీక్ష 350, లోపల మిషన్ పాడైంది. మొత్తం 1,045. దాని కింద "పని పోయింది, 900" అని వేరే రాశాను. మందుల దగ్గర సున్నా ఉంది. వైద్యం ఫ్రీ అయిన రోజు మాకు 1,945 రూపాయలైంది సార్. ఇలాంటి రోజులు ఆ పుస్తకంలో పేజీలకు పేజీలు ఉన్నాయి.

ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా అంటారు. కౌంట్లు బాగున్న రోజుల్లో బస్సులోనే పోయేవాళ్ళం, ఆ మేలు మర్చిపోను. కౌంట్లు తక్కువున్నప్పుడు పిల్లాణ్ణి జనంలోకి తేవద్దని డాక్టర్లే చెప్తారు. ఆ రోజుల్లో ఆటో తప్పదు.

ముందు నా గాజులు కుదువకు పోయాయి. తర్వాత పొదుపు సంఘం లోను. చివరికి మా ఆయన కటింగ్ మిషన్, డ్రిల్ మిషన్ అమ్మేశాడు. అమ్మిన రోజు ఇంటికి వచ్చి ఏం మాట్లాడలేదు. గాజులైతే ఎప్పుడైనా విడిపించుకుంటాం. పనిముట్టు పోయాక మాత్రం పని ఉందని ఎవరైనా పిలిచినా చేయలేడు. ఇప్పుడు వేరే మేస్త్రీ దగ్గర, ఆయన మిషన్లతో, 700కే చేస్తున్నాడు. వైద్యం అయిపోయింది కానీ మా సంపాదన ముందున్న చోటికి రాలేదు.

నాకు ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, ఉండేది. ఈఎస్ఐ కిందికి వచ్చే కంపెనీల్లో జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు ఉంటుంది, నా జీతంలో నెలనెలా కట్ అయ్యేది. క్యాన్సర్ నాకే వచ్చుంటే, అర్హత ఉన్నవాళ్ళకు రెండేళ్ళ దాకా జీతంలో 80 శాతం ఇస్తారు. బాబుకు వస్తే వైద్యం మాత్రం ఉంటుంది, నా జీతానికి రూపాయి రాదు. నాలుగేళ్ళ పిల్లాడికి జబ్బు వస్తే తల్లి కూడా మంచం పట్టినట్టే కదా సార్? కేంద్ర ప్రభుత్వంలో చేసే ఆడవాళ్ళకు పిల్లల కోసం సర్వీసులో 730 రోజుల సెలవు ఉంది. ప్యాకింగ్ చేసేవాళ్ళకు, కూలికి పోయేవాళ్ళకు ఏముంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మా పక్క మంచం వాళ్ళ విషయం. పాలమూరు వైపు నుంచి వచ్చారు, ఏడేళ్ళ పాప. నాలుగు నెలలకు పాప బాగా తేరుకుంది, జుట్టు కూడా వస్తోంది. వానలు పడ్డాయి, పత్తి పెట్టుకోవాలి, అప్పిచ్చినాయన ఇంటికి వచ్చి కూర్చుంటున్నాడు అని చెప్పి ఊరికి పోయారు. పది రోజుల్లో వస్తామన్నారు. రాలేదు. నాలుగు వారాలు వరసగా రాకపోతే వైద్యం మధ్యలో వదిలేసినట్టు డాక్టర్లు లెక్క వేస్తారట. చాలామంది వాళ్ళకు తెలియక వదిలేశారు అనుకుంటారు. ఆ తల్లికి అన్నీ తెలుసు, మందుల పేర్లు నాకంటే బాగా చెప్పేది. చేతిలో డబ్బు లేదు, అంతే. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ పాప కూడా ఆ 80 మందిలో ఉండాల్సింది.

ఆ పీహెచ్‌డీ అమ్మాయి నాకు స్వీడన్ సంగతి చెప్పింది. అక్కడ పిల్లలకు ప్రాణం మీదికొచ్చే జబ్బు వస్తే, ఇన్ని రోజులే అన్న లెక్క లేకుండా తల్లిదండ్రులిద్దరికీ సెలవు, భృతి ఇస్తారట. అలాంటి చోట కూడా ప్రభుత్వ రికార్డులు తీసి చూస్తే, పిల్లల జబ్బు తర్వాత తల్లుల సంపాదన తండ్రులకంటే ఎక్కువ పడిపోయిందట. వాళ్ళ దగ్గర రికార్డు ఉంది కాబట్టి తెలిసింది. మా సంగతి ఏ రికార్డులో ఉంది?

అందుకే మొదట అడిగేది ఇది. పిల్లాడి పేరు ఆరోగ్యశ్రీలో ఎక్కించే రోజే తల్లి పనేంటి, తండ్రి పనేంటి, నెలకు ఎంత వస్తుంది అని రాయించండి. మూడు నెలలకోసారి మళ్ళీ అడిగించండి. పరిశోధన చేసే పిల్లలు వార్డులకు వస్తే రానివ్వండి, వాళ్ళు రాసింది మీ ఆఫీసులో ఎవరో ఒకరు చదివేలా చూడండి.

రెండోది కూలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరోగ్య ఆసరా పెట్టి, ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు 5,000 దాకా ఇచ్చారు. టీబీ ఉన్నవాళ్ళకు తిండికి నెలకు 1,000 ఖాతాలో వేస్తున్నారు. వైద్యంతో పాటు ఇంటికీ ఎంతో కొంత కావాలని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి కదా సార్. క్యాన్సర్ ఉన్న పిల్లల ఇంట్లో ఒక్కరికి, వైద్యం నడిచినన్నాళ్ళు, ఆసుపత్రికి వచ్చిన రోజులకూ అడ్మిట్ అయిన రోజులకూ కూలి ఇవ్వండి. ఎంతన్నది మీరే చెప్పండి, కానీ నెలనెలా పడాలి. ఏడాది తర్వాత ఒకేసారి వస్తే అది అప్పిచ్చినాయనకే పోతుంది.

ఈఎస్ఐ రూలు ఢిల్లీ చేతిలో ఉంది. పిల్లల క్యాన్సర్‌కు తల్లికో తండ్రికో ఆ 80 శాతం ఇవ్వాలని మన రాష్ట్రం తరఫున కేంద్ర కార్మిక మంత్రికి మీరు ఒక ఉత్తరం రాయండి.

నా నోటుబుక్కు నా దగ్గరే ఉంది. మొదటి పేజీ నుంచి చివరి కీమో రోజు దాకా తేదీలతో సహా ఉంది. మీ ఆఫీసులో ఎవరైనా చూస్తామంటే జిరాక్సు తీయించి నేనే తెచ్చి ఇస్తాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా బాబును బడిలో దింపాక తొమ్మిదిన్నర తర్వాత ఎప్పుడైనా రాగలను.

ఇట్లు,
క్యాన్సర్ వార్డులో మీరు చూసి ఉండగల ఒక తల్లి